నాగేశప్ప మేస్త్రీయా, కూలీయా?

1961లో కుందారపల్లి దగ్గర రోడ్డుకు కంకర కొట్టే గుంపులో పదకొండు మంది పని చేసేవారు, నాగేశప్ప చేయించేవాడు. మేస్త్రీ సుత్తి పడితే గుంపు పరువు పోతుందని ఆ పనివాళ్లలో ఒక కట్టుబాటు. పరువు విషయంలో నాగేశప్ప ఏనాడూ రాజీపడలేదు. ఇరవై ఏళ్లుగా చింతబరికె చంకన పెట్టుకుని, రాళ్లు తన చూపుకే పగులుతున్నంత గంభీరంగా నిలబడేవాడు. కూలి డబ్బులు అందుకోవడానికి మాత్రం అందరిలాగే వంగేవాడు.

ఆ ఏడు మాఘంలో కాంట్రాక్టరు తిమ్మరాజు లారీ కంకర కోసం వెనక్కి వస్తూ, ఆ గుంపులోనే కంకర కొట్టే నాగేశప్ప భార్య చౌడమ్మ ఎడమ పాదం మీదికి ఎక్కింది. పాదం తీసేశారు. తిమ్మరాజు ఆస్పత్రికి రాలేదు గానీ కబురు పంపాడు: "పని నాగేశప్పకు గుత్తకిచ్చినా. వాడి వేలిముద్ర నా దగ్గరుండాది. కూలోళ్లు వాడి మనుషులు. పరిహారం వాణ్నే అడుక్కోండి."

కృష్ణగిరి ప్లీడరు విషయం విప్పి చెప్పాడు.

"నువ్వు మేస్త్రీవైతే మీ ఆమెకు పరిహారం కట్టేది నువ్వేనప్పా. నువ్వు గూడా రాజుగారి కింద కూలోడివేనని రుజువు కావాల. యాడ, చేతులు చూపించు."

చూసి నిట్టూర్చాడు. "ఇవి సుత్తి పట్టిన చేతులు గావు. వక్కాకు మడిచిన చేతులు."

"పెండ్లప్పటి నుంచీ నేను చెప్తానే ఉండాను సామీ," అంది చౌడమ్మ. "దానికి ప్లీడరు యాల?"

అరచేతుల్లో కాయలు కాయించడం కోసం నాగేశప్ప మూడు నెలలు కంకర కొట్టాడు. చౌడమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని కంకర కుప్ప మీద కూర్చుని చూసేది. జాలితో కాదు.

"సుత్తి అట్ల గాదు మేస్త్రీ పట్టేది," అనేవాడు గుంపులో పెద్ద నోరున్న గుర్రప్ప. "అదేమన్నా నామం పెట్టుకునే పుల్లనా?"

"మేస్త్రీ అనొద్దు గుర్రప్పా, కేసు చెడిపోతుంది," అనేది చౌడమ్మ.

సేలంలో కూలీల పరిహారాలు తేల్చే కమిషనరు ముందు విచారణ జరిగింది. అంత కష్టపడి కాయించిన కాయలను చూపమని ఒక్కరూ అడగలేదు. తిమ్మరాజు తరఫు ప్లీడరు లేచి, "మేస్త్రీగారూ!" అన్నాడు. నల్లకోటు వేసుకున్న మనిషి నాగేశప్పను గారు అనడం ఆ జన్మకు అదే మొదలు. ఛాతీ దానంతటదే పొంగింది.

"మీ మాట మీదనే గదా గుంపు నడిచేది?"

అవునన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. చౌడమ్మ చంకకర్రతో నేల మీద టక్కున కొట్టింది.

"లేదు సామీ."

"పనికిరాని వాళ్లను తీసేసే అధికారమైనా లేదా?"

"నా పెండ్లాన్నే తీసేయలేకపోతిని సామీ! అదంతా రాజుగారిదే."

కోర్టు నవ్వింది. కమిషనరు నవ్వకుండా రాసుకున్నాడు.

నెలకు తీర్పు వచ్చింది. పనివాళ్లను పెట్టుకునే, తీసేసే అధికారాలు సర్వం తిమ్మరాజువే. నాగేశప్ప పేరుకు మేస్త్రీ, నిజానికి సామాన్య కూలీ. పరిహారం తిమ్మరాజే కట్టాలి. తిమ్మరాజు నాగేశప్ప వంశాన్ని మూడు తరాలు వెనక్కి తిట్టి కట్టాడు.

తరువాత గుంపు శూలగిరి దగ్గర వేరే కాంట్రాక్టరు పనికి దిగింది. నాగేశప్ప బరికె చంకన పెట్టి, "కానియ్యండప్పా, ఎండెక్కుతా ఉంది," అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"చెప్పేదానికి నువ్వెవురప్పా?" అన్నాడు గుర్రప్ప. "నువ్వు కూలోడివని సర్కారే ముద్రేసి ఇచ్చింది గదా. రా, ఈ పక్క జాగా ఉండాది."

నాగేశప్ప భార్య వైపు చూశాడు.

"నా పక్క యాల చూస్తావు?" అంది చౌడమ్మ. "నాకు కాలు పోయె, నీకు బరికె పోయె. నేనేమన్నా ఏడస్తా ఉండానా?"

మరుసటి సోమవారం నాగేశప్ప ఎవరికీ చెప్పకుండా కృష్ణగిరి పోయి, ప్లీడరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, గెలిచిన కేసు మీద అప్పీలుకు పోవచ్చునా?"

ప్లీడరు కళ్లజోడు తీశాడు. "పోయి గెలిస్తే, ఆ పరిహారం మీ ఆమెకు నువ్వే కట్టాల. తెలుసునా?"

నాగేశప్ప వెంటనే వద్దనలేదు. బెంచీ మీద కూర్చుని, చాలాసేపు ఆలోచించాడు.