ఎర్రదారం ముడి

మనిషి తన చేత్తో వేసిన ముడిని తానే ఎన్నేళ్ళకు మరిచిపోతాడు? ఈ ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. చదవడం తప్ప వేరే పని లేని వయసులో ఉన్నాను కానీ, ఏ పుస్తకమూ ఈ సంగతి చెప్పలేదు.

ముడి వేసింది మా బావమరిది. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. కార్లు, లారీల్లో కరెంటు పని చేస్తాడు. మెకానిక్కుల వీధిలో అందరూ అతన్ని ‘దారం’ అంటారు. రెండు వైర్లు కలిపి టేపు చుట్టాక మిగతావాళ్ళు చేతులు దులుపుకుంటారు. ఇతను మాత్రం ఆ టేపు మీద ఎర్రదారం నాలుగు చుట్లు చుట్టి గట్టిగా ముడి వేస్తాడు. ఇంజను వేడికి టేపు జిగురు కారిపోతుందని, దారం మాత్రం నిలబడుతుందని అతని నమ్మకం. వాళ్ళమ్మ బట్టలు కుట్టేది. ఆమె పోయాక మిషను సొరుగులోని దారపుండలన్నీ ఇతని పనిముట్ల పెట్టెలోకి చేరాయి.

“బండి బాగుచేస్తున్నావా, చొక్కా కుడుతున్నావా?” అని పక్క షెడ్డువాళ్ళు ఆటపట్టిస్తే, “నా కుట్టు ఊడిన బండి ఒక్కటి చూపించు, నీకూ ఒక చొక్కా కుట్టిపెడతా” అనేవాడు.

బాగుచేయడం ఒక ఎత్తు, దాన్ని మాకు చెప్పడం ఇంకో ఎత్తు. ఏ బండికి ఏ జబ్బు చేసింది, తను ఎక్కడెక్కడ పొరపడ్డాడు, చివరికి ఎలా పట్టుకున్నాడు, అంతా చేతులు ఊపుతూ, టీ ఒలకబోస్తూ చెప్పేవాడు. నేను ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. “నువ్వు అచ్చుతప్పులు పట్టు బావా, నేను కరెంటు తప్పులు పడతా. మనిద్దరం ఒకే జాతి” అనేవాడు. ఇక వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఒక వెళ్ళొస్తా, మెట్ల దగ్గర ఒకటి, గేటు బయట స్కూటరు మీద కూర్చుని ఇంకొకటి. మూడోది వినేదాకా మేం తలుపు వేసుకునేవాళ్ళం కాదు.

నా భార్య రోగుల ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసే నర్సు. పుళ్ళకు కట్లు కట్టాలి, ఇంజెక్షన్లు ఇవ్వాలి, మంచం దిగలేని వాళ్ళను లేపి నాలుగడుగులు నడిపించాలి. అందుకని పందొమ్మిదేళ్ళ కిందట మూడు వరసల సీట్లున్న ఎస్‌యూవీ కొన్నాం. మడతకుర్చీ, మందుల పెట్టె, వాకర్లు అన్నీ అందులో పట్టేవి. నాకు డ్రైవింగు రాదు. సెలవు రోజుల్లో మధ్య సీట్లో పుస్తకంతో కూర్చుని ఆమెతో తిరిగేవాణ్ణి. ఆమె తాళం తీసుకుని రోగి ఇంట్లోకి వెళ్ళిపోయేది, నేను బండిలోనే చదువుకునేవాణ్ణి. మబ్బు పట్టిన రోజుల్లో కళ్ళు చికిలిస్తున్నానని, బండి కొన్న మూడేళ్ళకు బావమరిది నా సీటు పక్కన ఒక చిన్న దీపం కూడా బిగించాడు. అలా మూడు లక్షల కిలోమీటర్లు తిరిగాం. తలుపు పిడి దగ్గర రంగు పోయి ఆమె అరచెయ్యి ఆకారం తేలింది.

పోయిన ఏడాది బండికి జబ్బు మొదలైంది. ఒక ఉదయం తాళం తిప్పితే ‘టిక్’ అని ఊరుకుంది. ఛార్జింగు పెడితే లేచింది. పది రోజులు బాగా తిరిగింది. మళ్ళీ టిక్. బావమరిది బ్యాటరీ మార్చాడు. నెల తర్వాత బ్యాటరీకి ఛార్జింగు అందించే ఆల్టర్నేటరు మార్చాడు. అతని షెడ్డుకు తీసుకెళ్ళి, ఆపిన బండి కరెంటు తాగుతోందేమోనని ఎప్పుడు మీటరు పెట్టినా ముల్లు సున్నా దాటేది కాదు. కంప్యూటరు పెట్టి చూసేవాళ్ళు కూడా ఏ తప్పూ లేదని కాగితం ఇచ్చారు.

“ఒక్కటి గమనించాను బావా,” అన్నాడు ఓసారి చాలా గంభీరంగా. “నువ్వు ఎక్కిన మర్నాడే ఇది చస్తోంది. నీ పుస్తకాలు చూసి బ్యాటరీకి కూడా నిద్రొస్తున్నట్టుంది.”

నా భార్య పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటలో నిజం ఉందని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

ఒక రోజు ఇంజెక్షను కోసం ఎదురుచూస్తున్న ముసలాయన దగ్గరికి ఆమె గంటన్నర ఆలస్యంగా వెళ్ళింది. ఆ సాయంత్రమే కొత్తబండి తీసుకుందామని తేల్చేసింది. బ్యాటరీతో నడిచేది. తమ్ముణ్ణి కూడా షోరూముకు తీసుకెళ్ళింది. “పెట్రోలే లేదా? అంతా కరెంటేనా? అయితే ఇది మన చుట్టమే అక్కా!” అని వాడు నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరిపోయాడు. షోరూము కుర్రాళ్ళు కాళ్ళు పట్టి లాగాల్సి వచ్చింది.

పాతబండిని మారకం కింద శనివారం పదింటికి షోరూమువాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి. సోమవారం బావమరిది మా వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“అక్కా, పాతది నాకిచ్చెయ్.”

“చచ్చిన బండితో ఏం చేస్తావురా?”

“చావలేదు. ఎవరో దాని రక్తం తాగుతున్నారు. వాళ్ళను పట్టుకుంటా.”

వాడి ఆశ నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా స్కూటరే. ఎవరి బండి దారిలో ఆగినా కాళ్ళ మధ్య బ్యాటరీ పెట్టుకుని, భుజానికి పెట్టె తగిలించుకుని, వానలో తడుస్తూ వెళ్ళేవాడు. లారీ బ్యాటరీ అయితే పట్టదు కాబట్టి ఆ పని వదులుకునేవాడు. సొంతంగా ఒక పెద్దబండి ఉంటే సామానంతా అందులో సర్దుకుని షెడ్డునే రోడ్డు మీద నడిపించుకోవచ్చు. దాని బొమ్మ కూడా గీసిపెట్టుకున్నాడు, ఏ అరలో ఏ పనిముట్టు ఉండాలో రాసి మరీ.

నా భార్య చేతులు తుడుచుకుంది. “సరే విను. శనివారం పొద్దున వాళ్ళు వచ్చేసరికి తాళం తిప్పగానే లేస్తే నీది. టిక్ అంటే వాళ్ళది. తర్వాత నా చుట్టూ తిరగకూడదు.”

గురువారం నేను ఆమెతో బండిలో వెళ్ళొచ్చాను. శుక్రవారం ఉదయం కాఫీ వేళకే బావమరిది దిగాడు. బానెట్ ఎత్తాడు. బ్యాటరీ వైరు ఒకటి విప్పి మధ్యలో మీటరు పెట్టాడు. అంతే, కేక పెట్టాడు.

“బావా! పరుగెత్తుకురా! తాగుతోంది, తాగుతోంది!”

ముల్లు సున్నాను వదిలి నిలబడి ఉంది. వాడి ముఖం వెలిగిపోయింది. ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్న దొంగ కళ్ళెదుటే నిలబడ్డాడు మరి!

“నువ్వు మీటరు చూడు. నేను ఫ్యూజులు పీకుతా. ముల్లు పడిపోగానే కేకెయ్.”

నేను ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. ప్రూఫులు దిద్దిన ముప్ఫై ఏళ్ళలో ఏ పేజీనీ అంత శ్రద్ధగా చూడలేదు. వాడు ఒక్కొక్క ఫ్యూజు పీకి అడుగుతున్నాడు.

“హారను. పడిందా?”

“లేదు.”

“వైపర్లు?”

“లేదయ్యా.”

“రేడియో? పడుంటుంది, సరిగ్గా చూడు!”

“కళ్ళద్దాలు పెట్టుకునే చూస్తున్నా!”

చివరి ఫ్యూజు కూడా పీకేశాడు. ముల్లు కదల్లేదు. బావమరిది నా పక్కకొచ్చి, మీటరును చూసి, గుప్పెట్లోని ఫ్యూజులను చూసుకున్నాడు.

“ఒక్క ఫ్యూజు లేదు. అయినా తాగుతోందంటే… ఎవరో దొంగ కనెక్షను లాగారు బావా! ఫ్యూజు పెట్టకుండా, నేరుగా బ్యాటరీ నుంచి! ఏ గాడిద చేశాడో ఈ పని! వాణ్ణి పట్టుకుని…”

తిడుతూనే బ్యాటరీ నుంచి వెళ్ళే లావుపాటి నల్లటి గొట్టాన్ని చీల్చడం మొదలుపెట్టాడు. లోపల వైర్లను వేళ్ళతో ఒక్కొక్కటీ విడదీస్తున్నాడు. నేనూ తల దూర్చాను. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. నవ్వుకున్నాం. మళ్ళీ దూర్చాం.

తిట్లు ఆగిపోయాయి.

జిడ్డు పట్టిన టేపు మీద, నాలుగు చుట్ల ఎర్రదారం. ముడి.

బావమరిది దాన్ని బొటనవేలితో తుడిచాడు. మరోసారి తుడిచాడు. అప్పుడు ఆ వైరు పట్టుకుని వెనక్కి నడిచాడు. తలుపు కింది పట్టీ, తివాచీ అంచు, నా మధ్య సీటు. సీటు కిందికి చెయ్యి పెట్టి అన్నాడు, “బావా, ఇక్కడ వెచ్చగా ఉంది.”

పాత తువ్వాలు మడతలో నా చదువుదీపం పట్టపగలు చక్కగా వెలుగుతోంది.

అప్పుడు నాకు అంతా గుర్తొచ్చింది. తాళం నా భార్య దగ్గరే ఉంటుందని, తాళం లేకపోయినా వెలిగేలా దీపం పెట్టమని అడిగింది నేనే. పోయిన ఏడాది దాని పట్టీ విరిగిపోతే, పారేయడం ఇష్టంలేక తువ్వాలులో చుట్టి సీటు కింద దాచిందీ నేనే. నా భార్య మడతకుర్చీ కోసం ఆ సీటును ముందుకు జరిపేది. నేను ఎక్కినప్పుడు కాళ్ళు చాపుకోవడానికి వెనక్కి జరిపేవాణ్ణి. సీటు వెనక్కి వెళ్ళినప్పుడల్లా దీపం స్విచ్చి నొక్కుకుపోయేది. షెడ్డుకు బండిని నా భార్య ఒక్కతే నడుపుకెళ్ళేది. అప్పుడు నా సీటు ముందుకే ఉండేది, దీపం ఆరి ఉండేది.

“అయితే బండిని చంపింది నేనే,” అన్నాను.

“నువ్వు నొక్కావు. ఫ్యూజు పెట్టనిది నేను.” ఎంత పెద్దగా నవ్వాడంటే పక్కింటి కిటికీ తెరుచుకుంది. “పదహారేళ్ళు బావా! పదహారేళ్ళయినా దారం ఊడలేదు చూశావా!”

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ముడి ఉన్న ముక్కను కత్తిరించి నా అరచేతిలో పెట్టాడు. “ఇది నీ దగ్గరే ఉండనీ. అక్కకు మాత్రం…” అని, వంటగది వైపు చూశాడు. మీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

శనివారం పదికి పది నిమిషాల ముందే కొత్తబండి చప్పుడు లేకుండా వచ్చి గేటు ముందు ఆగింది. షోరూమాయన కాగితాలతో దిగాడు. బావమరిది అప్పటికే పాతబండి స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది.

“దొరికిందా? ఏమిట్రా తప్పు?” నా భార్య కిటికీ మీద చెయ్యి వేసి అడిగింది.

చిన్న ఫ్యూజు మాడినా గంటసేపు చెప్పే మనిషి నా వైపు చూశాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను.

“చెప్పరా!”

వాడు తాళం తిప్పాడు. టిక్ అనే మాటే లేదు. సగం తిప్పేసరికే ఇంజను గర్జించి లేచింది, మా కిటికీ అద్దాలు దడదడలాడాయి. షోరూమాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. నా భార్య “ఓరి నీ!” అంటూ చప్పట్లు కొట్టింది. బావమరిది హారను మీద చెయ్యి తీయకుండా గేటు దాటేశాడు.

ఆమె చెయ్యి ఊపడానికి సగం ఎత్తి అలాగే ఉంచింది. మూడు వెళ్ళొస్తాలలో ఒక్కటీ వినపడలేదు. వీధి మలుపులో వెనక దీపం ఎర్రగా ఒకసారి వెలిగి ఆరింది. బావమరిది స్కూటరు మా గోడకు ఆనుకుని, అద్దానికి హెల్మెట్టు వేలాడుతూ, అక్కడే ఉండిపోయింది.