ఆదివారం ఫంక్షనుకు జిలెటిన్

మొన్న బుధవారం కామారెడ్డిల నా కాలరు ఒక హోంగార్డు చేతిలకు ఎట్ల పోయిందో చెప్తె మీరు నవ్వుడు ఆపరు. నవ్వుకోండ్రి, నేను కూడ ఇప్పుడిప్పుడే నవ్వుడు మొదలువెట్టిన. దొంగతనం చెయ్యలే, ఎవ్వలతోని కొట్లాడలే. మొఖం జరంత నున్నగ చేసుకుందామనుకున్న, గంతే.

మొదట్నుంచి చెప్త. నాది ఎల్లారెడ్డి. పార్శిళ్లు డెలివరీ చేస్త. పొద్దున బండెక్కితె ఊర్లన్ని తిరిగి, నిజాంసాగర్ కట్ట దాక పోయొచ్చేసరికి పొద్దు గూకుతది. ఎండంత నా మొఖం మీదనే. ఇగ కామారెడ్డిల మౌనిక ఉంటది. జిరాక్స్ సెంటర్ల పని. పోయినేడు మా అవ్వ ఆధార్ కార్డు జిరాక్స్ తీయించనీకి పోయిన. కావాల్సింది ఒక్క కాపీ. ఆ పిల్ల తల లేపి "ఇంకేమన్న కావాల్నా?" అని అడిగిన తీరుకు పదకొండు తీయించిన. ఇప్పటికీ మా ఇంట్ల ఏ డబ్బా తెరిచినా మా అవ్వ మొఖమే కనబడుతది.

అట్లట్ల ఒక మాట మీదికొచ్చినం. మౌనిక ధైర్యం చేసి ఇంట్ల చెప్పింది. వాళ్ల నాయిన, పిలగాడు మంచోడైతె చాలు, వచ్చే శ్రావణంల చేద్దామన్నడట. వాళ్లమ్మ మాత్రం నా ఫోటోను ఫోన్ల పెద్దగ జేసి, ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "ముదురు కొడుతుండు. ముప్పై అయిదు ఉంటయి. వయసు దాస్తున్నడు" అన్నదట. నాకు ఇరవై ఆరు. ఆధార్ కార్డు పంపుత అన్న. కార్డులు ఎవ్వలు నమ్ముతరు, ఆదివారం ఇంటికి రమ్మను, మనిషిని చూసినంకనే అవునో కాదో చెప్త అన్నదట. అంటే మౌనిక నాకు దొరుకుడు దొరకకపోవుడు నా మొఖం మీదికొచ్చింది. ఆ మాట తెలిసింది సోమవారం నాడు. చేతిల ఉన్నయి ఆరు రోజులు.

దేవుడు కరుణించినట్టు, అన్నం తినుకుంట రీల్స్ చూస్తుంటె ఒకామె వచ్చింది. ఆమె చెంప మీద ఈగ వాలితె జారి కింద పడతది, అంత నునుపు. ఆమె చెప్పిందేందంటే, మన చర్మం లోపట కొల్లాజెన్ అని ఒకటి ఉంటదట. ఇంటికి పిల్లర్ల లెక్క. వయసు పెరిగినకొద్ది, ఎండల తిరిగినకొద్ది అది తగ్గుతదట. పిల్లర్లు కుంగితె స్లాబ్ ఎట్ల కుంగుతదో, మొఖం గట్ల కుంగుతదట. అన్నం గిన్నె పక్కకు పెట్టి బయటికి పోయి బండి అద్దంల చూసుకున్న. స్లాబ్ కుంగింది.

ఇగ తెల్లారంగనే పని షురూ చేసిన. ఉసిరికాయలు నమిలిన. ఎండ తగలకుంట మొఖానికి దస్తీ కట్టిన, కండ్లు తప్ప ఏం కనబడకుంట. ఒకామె పార్శిల్ తీసుకోనీకి బయటికొచ్చి, నన్ను చూసి తలుపేసుకుంది. మేకకాళ్ల పాయల కొల్లాజెన్ మస్తు ఉంటదని రీల్ల చెప్పిండ్రని బస్టాండు కాడి హోటల్ల రెండు పూటల పాయనే తాగిన. హోటల్ చాచా నన్ను వింతగ చూసి, మోకాళ్ల నొప్పులోళ్లు వస్తరు గని మొఖానికని ఎవ్వరూ రాలే బేటా అన్నడు. పెదవులు రెండూ అతుక్కుంటున్నయి. పనిచేస్తున్నట్టే ఉంది అనుకున్న.

ఆఖరుది అసలైంది. పూత. జిలెటిన్ గోరువెచ్చని పాలల్ల కలిపి మొఖానికి పూసి, ఎండినంక తీసేస్తె చర్మం గుంజి కట్టినట్టయితదట. అది ఎల్లారెడ్డిల అడిగితె సాయంత్రం వరకు ఊరంత తెలుస్తది. మొగపిలగానికి మొఖం పూతలేందని పరువు తీస్తరు. అందుకని బుధవారం సగం పూట సెలవు పెట్టి కామారెడ్డి పోయిన. అక్కడ దుకాండ్లకు తక్కువేం లేదు. కని మౌనిక వాళ్ల గల్లీల దుకాణమైతె, అన్నానికి ఇంటికొచ్చేటప్పుడు ఆమెను ఒకసారి చూడొచ్చు గద. దిల్ ఉన్నోడు ఎవడైన గదే చేస్తడు.

దుకాణంల సేటు చింతపండు జోకుతున్నడు. పక్కన ఒకాయన, ఖాకీ ప్యాంటు, పైన బనీను, చాయపత్త కోసం నిలబడ్డడు. నేను దస్తీ విప్పలే. ఎండ మరి.

"సేటూ, జిలెటిన్ ఉందా?" అన్న.

సేటు చేతిల చింతపండు చేతిలనే ఉంది. ఎందుకు అన్నడు. మొఖానికి అని ఎట్ల చెప్త, సిగ్గు. పనుందన్న. ఏం పని అన్నడు. ఆదివారం ఫంక్షన్ ఉందన్న. సేటు ఖాకీ ప్యాంటాయన దిక్కు చూసిండు. ఆయన జర దగ్గరికి జరిగి, శాన మెల్లగ, ఎంత కావాలె తమ్మీ అని అడిగిండు. ఎంత మంచోడో అనుకున్న. ఒక్కసారికి సరిపోతె చాలన్న, పొడైనా పర్వాలే, రేకులైనా పర్వాలే, ఫంక్షన్ల అందరు నన్నే చూడాలె అన్న.

"ఫంక్షన్ ఎవలింట్ల?"

నేను గడ్డంతోని మౌనిక వాళ్ల నీలం గేటు చూపించిన. "అగో, ఆ ఇంట్ల."

"అది నా ఇల్లు" అన్నడాయన.

అంతే, కాలర్ పట్టిండు. దస్తీ గుంజిండు. అప్పుడు సమజైంది, ఈయన మౌనిక వాళ్ల నాయిన. హోంగార్డని ఆమె ఎప్పుడో చెప్పింది, నేనే మర్చిన. నన్ను ఆయన ఎన్నడూ చూడలే. ఫోటో చూసింది వాళ్లమ్మనే.

"నా ఇల్లు పేల్చనీకి వచ్చినవారా?"

"పేల్చుడేంది సార్, పూసుకుందామనొచ్చిన."

ఏడ పూసుకుంటవ్ అన్నడు. మొఖానికి సార్ అన్న. ఆయన పట్టు జర వదులైంది. సేటు నెత్తి కొట్టుకొని, జిలెటిన్ అంటె ఈడ బావుల బండ పేల్చే మందు బిడ్డా, నీకు కావాల్సింది బేకరీలల్ల వాడే జిలెటిన్, అన్నడు. మా తాతల నాడు బావి తవ్వితె బండ తగిలిన కాడ గా జిలెటిన్ గొట్టాలు పెట్టి పేల్చెటోళ్లట. నాకెట్ల తెలుస్తది, నేను పుట్టేసరికే మా ఇంట్ల బోరుండె.

సాక్ష్యం కింద రీల్ చూపించిన. ఇద్దరు తలకాయలు దగ్గర పెట్టి మొత్తం చూసిండ్రు. అయిపోయినంక సేటు ఇంకోసారి పెట్టమన్నడు. మౌనిక వాళ్ల నాయిన నన్ను కింది నుంచి మీది దాక చూసి, "ఎల్లారెడ్డి సంతోష్‌వా నువ్వు?" అన్నడు. తల ఊపిన. అప్పటికి కాలర్ వదిలిండు, కని చెయ్యి పట్టుకొని ఇంటికి తోల్కపోయిండు. గల్లీ ఆడోళ్లందరు గేట్ల కాడికొచ్చిండ్రు.

లోపట మౌనిక అప్పుడే అన్నానికొచ్చింది. వాళ్ల నాయిన అన్ని వివరంగ చెప్పిండు, ఫంక్షన్ల అందరు నన్నే చూడాలె అన్నది కూడ. మౌనిక చున్నీల మొఖం దాసుకుంది. భుజాలు అదురుతున్నయి. నాకోసం ఇంత ఏడుస్తున్నదా అని నా గుండె కరిగింది. తర్వాత చూస్తె నవ్వుతున్నది, ఊపిరాడకుంట.

వాళ్లమ్మ మాత్రం నవ్వలే. నా గడ్డం పట్టుకొని వెలుతురు దిక్కు తిప్పి చూసింది. ఉసిరికాయలు, పాయ, అన్నీ ఇప్పుడే పనిచేయాలె దేవుడా అనుకున్న.

"నేను అనుకున్నది తప్పే" అన్నది. "వీనికి ముప్పై అయిదు లేవు. అన్నేండ్లోనికి గింత అమాయకత్వం ఉండది."

నా పానం లేచొచ్చింది. మౌనిక వాళ్ల నాయిన అయితె శ్రావణంల పెట్టుకుందామా అన్నడు. ఆమె చేట తీసుకొని బియ్యం చెరుగుకుంట, పిల్లనిచ్చుడు ఖాయమే అన్నది.

"శ్రావణం మాత్రం వద్దు. రెండేండ్లు పోనియ్యి. పిలగాడు ఇంకా శాన లేత."

అంత కొల్లాజెన్ ఎక్కియ్యమని నాకెవ్వలు చెప్పిండ్రు. నిన్నటి సంది దస్తీ లేకుంటనే ఎండల తిరుగుతున్న, జర తొందరగ ముదురుత కావచ్చని.