అయిపోయింది సార్!

ప్రొద్దుటూరులో మా మిద్దె మీద డిటెక్టర్ పెట్టి, అంతరిక్షం నుంచి రాలే కణాలను మూడు నెలలు నమోదు చేశాను. ఆ డేటా విశ్లేషణకు హాస్కెల్ అనే ఫంక్షనల్ కంప్యూటర్ భాషలో ప్రోగ్రాము రాశాను. పీహెచ్‌డీ సమీక్షలో అందరి ముందూ నడిపితే, రెప్పపాటులో "పూర్తయింది" అని వచ్చింది!

"చూశారా సార్, ఒక్క సెకనులో!" అని ఎగిరినంత పని చేశాను.

"ఏదీ, గ్రాఫు చూపియ్యమ్మా," అన్నారు మా పులివెందుల గైడు.

నొక్కాను. ల్యాప్‌టాప్ రొద పెట్టింది. ఐదు నిమిషాలైనా తెర ఖాళీ! హాస్కెల్‌ను లోలోపలే తిట్టుకున్నాను. జవాబు అడిగేదాకా హాస్కెల్ లెక్కే మొదలుపెట్టదని అప్పుడు గుర్తొచ్చింది.

చివరికి గ్రాఫు వచ్చింది, అచ్చం నేను ఊహించినట్టే! చప్పట్లు.

"శానా బాగుంది. థీసిస్ రాసేది యాడికొచ్చిందమ్మా?"

"అయిపోయింది సార్!"

"అయితే ఈడ పెట్టు, చూస్తాం."

ఒక్క పేజీ కూడా రాయలేదని ఒప్పుకున్నాక, హాస్కెల్‌ను మళ్లీ ఎన్నడూ తిట్టలేదు.