మా బావ ఇంగ్లీషు, మా ఊరి శెనక్కాయ

మా బావ విష్ణువర్ధన్‌కు ఇంగ్లీషు పిచ్చి పట్టింది బెంగళూరులో, ఒక పెళ్ళి భోజనాల దగ్గర. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఇంగ్లీషులో ఏదో అడిగితే ఈయన తల ఊపాడు. ఆయన మళ్ళీ అడిగితే మళ్ళీ ఊపాడు. ఆ పెద్దమనిషి అటువైపు తిరిగి ఇంకొకరితో మాట్లాడుకున్నాడు. వేరే ఎవరైనా అయితే పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని మర్చిపోతారు. మా బావ మర్చిపోడు. తనకల్లు పక్కన మా ఊరికి ఒకప్పుడు సర్పంచిగా చేసి, దిగిపోయి ఎన్నేళ్ళయినా చొక్కాకు గంజి తగ్గనివ్వని మనిషి ఆయన.

ఊరికి రాగానే ఫోన్లో ఒక కోచింగ్ సారును పట్టాడు. ఆ సారు రోజూ వాడుకునే ఇంగ్లీషు మాటలు, ముద్దుముద్దుగా పలకరించుకునే పద్ధతులు వీడియోల్లో చెప్తాడు. పొద్దున్నే బావ చెవుల్లో తీగలు పెట్టుకుని రోడ్డున పడేవాడు. గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు ఎదురొస్తే ‘గుడ్ మార్నింగ్, నైస్ టు మీట్ యూ’ అనేవాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనుషుల్ని ఇప్పుడు కలిసినందుకు సంతోషమట! గొర్రెలు కూడా ఆగి చూసేవి.

ఆ సారు ఒక సూత్రం చెప్పాడు. ఇంగ్లీషు మాట్లాడేవాడు ఏడుపు మాట మాట్లాడడట. ఎవరేమడిగినా నవ్వుముఖంతో, అంతా బాగుందనే మొదలుపెట్టాలట. మా బావ దాన్ని మంత్రంలా పట్టుకున్నాడు. ఒకరోజు మా అక్క ఇంద్రాణి జ్వరంతో ముసుగు తన్ని పడుకుంటే, ఈయన మాత్రలు జేబులో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“హౌ ఆర్ యూ?” అన్నాడు.

“ఒళ్ళంతా నొప్పులు. మాత్రలు తెచ్చినావా?” అంది అక్క.

“అట్ల చెప్పకూడదు. ఐ యామ్ ఫైన్, థ్యాంక్యూ అనాల.”

ఆమె ఆ మాట అనేదాకా జేబులోంచి మాత్రలు తీయలేదు. నేనైతే ఆ ఫోను నీళ్ళ తొట్టిలో ముంచేవాణ్ణి. మా అక్కకు ఓపిక ఎక్కువ.

ఇంతవరకూ ఇంట్లో బాధే. ఆ ఏడు వాన చేసిన పనికి అది ఊరి మీద పడింది. తొలకరికి నాలుగు చినుకులు పడితే అందరం శెనక్కాయ వేశాం. పూత బాగానే వచ్చింది. ఊడలు దిగే సమయానికి వాన ముఖం చాటేసింది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పూతలోంచి ఊడ దిగి మట్టిలోకి గుచ్చుకుంటేనే కాయ. మట్టి బిగుసుకుపోతే ఊడ పైనే మాడిపోతుంది. అంతా అయిపోయాక, మమ్మల్ని ఎగతాళి చేయడానికన్నట్టు ఒక జల్లు పడింది. దాంతో చెట్లు మళ్ళీ పచ్చబడ్డాయి. రోడ్డు మీద నుంచి చూస్తే పంట నిగనిగలాడుతుంది, పీకి చూస్తే కింద వేరు తప్ప ఏమీ ఉండదు.

అలాంటప్పుడు ఢిల్లీ నుంచి కరువు చూసే ఆఫీసర్లు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళు కారు దిగి, చేనులోకి వచ్చి, ఒక్క చెట్టు పీకి చూడాలి. చూస్తే మా ఊరికి పంట నష్టం కింద ఎంతో కొంత వస్తుంది, చూడకపోతే పంట పచ్చగా ఉందని రాసుకుని పోతారు. అందుకని అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఊరి మొదట్లో రోడ్డుకు ఆనుకునే ఓబులమ్మ చేను ఉంది. మొగుడు పోయాక ఉన్న కాస్త నేలను తనే పండించుకుంటున్న మనిషి ఆమె. కారు అక్కడ ఆపాలి, చెట్టు ఆమే పీకి చూపించాలి, వెంట వచ్చే తెలుగు ఆఫీసరు తర్జుమా చెప్పాలి.

“ఈ తూరి ఏమీ రాకపోతే ఇంటికి బీగమేసి బెంగుళూరికి పోవాల్సిందే, ఇటుకలు మోసేకి,” అంది ఓబులమ్మ.

“తర్జుమా ఏంటికి? నేనుండాను కదా! నేరుగా ఇంగ్లీషులోనే మాట్లాడతా,” అన్నాడు బావ.

“బావా, నువ్వు కార్లోంచి దింపి చేను కాడికి పిలుచుకోనిరా, అంతే చాలు,” అన్నాను.

“నువ్వు నాకు చెప్తావేంరా దివాకరా?” అన్నాడు.

ఆఫీసర్లు వచ్చే రోజు పొద్దున చూద్దును కదా, ఓబులమ్మ చేను కంటే ముందే రోడ్డుకు అడ్డంగా అరటి పిలకలతో స్వాగత తోరణం కట్టించాడు. దుమ్ము లేవకూడదని ట్యాంకరు తెప్పించి రోడ్డంతా నీళ్ళు చల్లించాడు. కరువు చూడడానికి వచ్చేవాళ్ళకు తడి రోడ్డు! ఇంత తెలివి ఏ కోచింగులో దొరుకుతుందో నాకు తెలియదు. నేను అరిచాను. ఇంటికొచ్చిన మనుషులకు మర్యాద చేయడం తెలియని జాతిరా మనది అని నన్నే తిట్టాడు.

కార్లు బాగా ఆలస్యంగా వచ్చి తోరణం దగ్గర ఆగాయి. కళ్ళజోడు ఆఫీసరొకడు దిగాడు. బావ దండ వేసి, కొబ్బరి బోండాం కొట్టించి ఎళనీరు చేతికిచ్చాడు. తర్జుమాకు వచ్చిన తెలుగు ఆఫీసరు ముందుకొస్తే చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి నిలబెట్టాడు.

కళ్ళజోడాయన ఇంగ్లీషులో అడిగాడు, మీ ఊళ్ళో పరిస్థితి ఎట్లా ఉందని. నేను ఇంటరు దాకా చదివాను, ఆ మాత్రం అర్థమవుతుంది.

బావ ముఖం వెలిగిపోయింది. “ఎవ్రీథింగ్ ఈజ్ ఫైన్ సార్, థ్యాంక్యూ,” అన్నాడు.

ఆఫీసరు ఆశ్చర్యపోయి, మరి పంట సంగతేమిటని అడిగాడు.

“నాట్ బ్యాడ్ ఎటాల్ సార్. నో ప్రాబ్లమ్.”

నేను ముందుకు దూకి, “లేదు సార్! పంటంతా పోయింది. చెట్టు పీకి చూడండి సార్!” అని తెలుగులోనే అరిచాను. ఈయనేమంటున్నాడని ఆఫీసరు బావనే అడిగాడు. బావ నా డొక్కలో మోచేత్తో పొడిచి, “మై బ్రదరిన్‌లా సార్. వెరీ హ్యాపీ టు సీ యూ,” అన్నాడు.

అవతల చేనులోంచి ఓబులమ్మ చేతిలో చెట్లతో పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె తోరణం చేరేలోపు ఆఫీసరు ఎళనీరు తాగేసి, తడి రోడ్డునూ పచ్చటి చేలనూ చూసి, బావ చెయ్యి ఊపి కారెక్కాడు. నేను తెలుగు ఆఫీసరు చెయ్యి పట్టుకున్నాను. “మీ నాయకుడే బాగుందని చెప్పినాక నేనేం చెప్పేదప్పా?” అని ఆయనా విదిలించుకుని పోయాడు. కార్లు ఓబులమ్మ చేను పక్కనుంచే పోయాయి. ఎక్కడా ఆగలేదు.

ఊరంతా బావ మీద పడింది. ఆయన తొణకలేదు. “ఎట్లుండారని అడిగితే బాగలేమని ఎవరన్నా అంటారా? ముందు బాగుండామని చెప్పి, తర్వాత చెప్తామనుకుంటి. ఆయప్ప నిలబడల్యా,” అన్నాడు.

“తర్వాత ఏమని చెప్తావు బావా? పంట ఎండిపోయిందని ఇంగ్లీషులో నీకొచ్చునా?”

“కష్టం చెప్పుకునే పాఠం ఇంకా రాలేదురా. అది ముందర వస్తాదంట,” అన్నాడు. ఆయన చేను కూడా పోయిందని అప్పుడు గుర్తొచ్చింది నాకు. జాలి మాత్రం కలగలేదు. చుట్టుపక్కల ఊళ్ళకు నష్టం డబ్బులు వచ్చాయి, మాకు రాలేదు. బావ ఇంట్లో ఆ ఆఫీసరుతో దిగిన ఫోటో మాత్రం గోడకెక్కింది.

ఓబులమ్మ చెట్లు పీకి మేకలకు వేసింది. ఇంటికి బీగమేసి, మూట నెత్తిన పెట్టుకుని బెంగళూరు బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చింది. సాగనంపడానికి నేనూ వెళ్ళాను. అంతలో బావ చెవుల్లో తీగలతో నడుచుకుంటూ అటే వచ్చాడు. ఆమెను చూసి తప్పుకుని పోతాడనుకున్నాను. ఆగాడు. నవ్వుముఖం పెట్టి, “హావ్ ఏ నైస్ జర్నీ!” అన్నాడు. చెయ్యి కూడా ఊపి ముందుకు సాగిపోయాడు.

“ఏమంటాండాడప్పా ఆయప్ప?” అని ఓబులమ్మ నన్నడిగింది.

“సుఖంగా పోయి రమ్మంటాండాడు.”

బస్సు వచ్చి ఆగింది. ఆమె మూట లోపలికి తోసి, మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

“ఆ పొద్దు ఆఫీసర్లకు చెప్పిండేది గూడా ఇట్లాంటిదేనా?”

“ఇట్లాంటిదే,” అన్నాను.

ఆమె రోడ్డు మీద పోతున్న బావ వీపు వైపు ఉమ్మి బస్సెక్కింది.