పాత మట్ట అడిగే మనిషి

మా ఉపదేశి పోయిన కబురు నాకు కొబ్బరి చెట్టు మీద నుంచి వచ్చింది. ఆ ఉదయం కాయలు దింపడానికి వచ్చినవాడు చెట్టెక్కి గెల దగ్గర కూర్చున్నాడు. మొలలో మోగుతున్న ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. తరువాత పైనుంచే, "బాబూ, మీ ఉపదేసి పోనాడట. పలాస ఆసుపత్రిలో" అన్నాడు. నేను పైకి చూస్తూ అక్కడే నిలబడిపోయాను. గెల కిందే ఉన్నానన్న సంగతి తోచలేదు. "పక్కకి జరుగు బాబూ, నువ్వు కూడా పోతావేటి" అని వాడే కసిరాడు. జరిగాను. కాయలు దింపమన్నాను. అవి ఇసకలో పడుతున్న చప్పుడు తప్ప ఆ పూట నాకు ఇంకేమీ గుర్తు లేదు.

నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి. గుడి పత్రికలో ఉపదేశి గురించి నాలుగు మాటలు రాయమని ఫాదర్ గారు మన గుడివాళ్ళను చాలామందిని అడిగారు. నన్ను అడగలేదు. నేనే రాస్తానన్నాను. అక్షరాలు ఫాదర్ గారు దిద్దుతారు, మాటలు మాత్రం దిద్దవద్దని చెప్పాను. ఇందులో నేను ఏడేళ్ళుగా దాచిన సంగతి ఒకటి ఉంది. ఆ ఏడు విభూది బుధవారం నుదురు కాలినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. వాళ్ళు ఇది చివరిదాకా చదవాలి.

ఆయన ముప్పై ఏళ్ళ కిందట సంతబొమ్మాళి వైపు నుంచి వచ్చాడు. వెంట భార్య, ఒక సైకిలు. సైకిలుకి గంట లేదు. గంట అక్కర్లేకుండా వీధి మొదట్లోనే "మావా" అని కేక వేసేవాడు. ఆ కేకకి ఇంటికొకరు బయటికి వచ్చేవారు, అందరినీ మావా అనేవాడు మరి. నాకంటే పదేళ్ళు చిన్న. ఫాదర్ గారు మన ఊరికి పూజకు వచ్చేది నెలకు రెండు ఆదివారాలు. తక్కిన రోజుల్లో పిల్లలకు జపాలు నేర్పడం, రోగి మంచం దగ్గర జపమాల చెప్పడం, సమాధి తవ్వించడం అన్నీ ఆయనవే.

మన దగ్గర మట్టల ఆదివారానికి కొబ్బరాకులే పట్టుకుంటాం. మంత్రించిన ఆకును ఇంటికి తెచ్చి సిలువ వెనక దోపుకుంటాం. ఏడాదంతా అది అక్కడే ఎండుతుంది. తపస్కాలం ఇంకో వారం ఉందనగా ఉపదేశి గుడ్డసంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ పాత మట్టలు అడిగి తీసుకునేవాడు. గుడి వెనక మట్టి మూకుట్లో కాల్చి, చేత్తో నలిపి, పాత పంచె గుడ్డలో జల్లించి సీసాకి ఎత్తేవాడు. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం మన నుదుటి మీద ఫాదర్ గారు పెట్టే విభూది అదే. "మనం పోయినేడు ఊపిన ఆకే మావా ఇది. హోసన్నా అన్నదే ఇప్పుడు నువ్వు మన్నే అంటన్నాది" అనేవాడు.

గుడికి మట్టలన్నీ నా తోటవే. గుడి గోడకి ఆనుకునే నా తోట. పాత మట్టలు ఇచ్చేటప్పుడు కూడా అందరూ ఒక ఆకు ఇస్తే నేను కట్ట ఇచ్చేవాణ్ణి. అది భక్తి అని మీరు అనుకున్నారు. గర్వం. నా ఇంటిది పెద్ద కట్ట అని నలుగురూ అనాలి, అంతే.

ఆ పెద్ద తుఫాను మీకు చెప్పక్కర్లేదు. ఉద్దానంలో చెట్టన్నది నిలవలేదు. నా తోటలో తొమ్మిది కొబ్బరి చెట్లు మిగిలాయి. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, గోడలకున్న సిలువలు పోయాయి, వాటి వెనక మట్టలు కూడా పోయాయి. తరువాతి తపస్కాలం ముందు ఉపదేశి ఖాళీ సంచితో నా అరుగు మీద కూర్చున్నాడు.

"ఏ ఇంటా పాత మట్ట నేదు మావా. నీ ఇంట ఉన్నాదా?"

నా ఇంట్లోనూ లేదు. అది అనడానికి నోరు రాలేదు. "రేపు రా. బూడిదే ఇత్తాను, నువ్వు కాల్చక్కర్లేదు" అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూశాడు. "మట్టదేనా?"

"నా మాట మీద నమ్మకం నేదేటి?"

ఉందన్నాడు, వెళ్ళిపోయాడు.

తోటలో పడి ఉన్న మట్టలు తెచ్చి కాల్చాను. మంత్రించినవి కావు. బూడిద తెల్లగా, పొట్టులా వచ్చింది. సీసా అడుగు కూడా నిండలేదు. అంత బూడిద ఇస్తే నా పరువు ఏమవుతుందనుకున్నాను. పెరట్లో జీడిపిక్కలు కాల్చే గుంట ఉంది. దాని అంచుకి అంటుకున్న మసి, సగం కాలిన పెచ్చులు గీకి, దంచి, జల్లించి అందులో కలిపాను. నల్లగా నిగనిగలాడింది. జీడిసొన ఒంటికి తగిలితే ఏమవుతుందో ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికి తెలియదు? నా చేతులకి ఇప్పటికీ ఆ మచ్చలున్నాయి. మంటలో సొన చచ్చి ఉంటుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

బుధవారం పూజలో అందరం వరసలో నిలబడ్డాం. సాయంత్రానికి దురద. తెల్లారేసరికి ఊళ్ళో ప్రతి నుదుటి మీదా బొబ్బలు, సిలువ ఆకారంలోనే. నాకు కూడా లేచాయి. తరువాతి ఆదివారం అప్పటి ఫాదర్ గారు పీఠం దగ్గరే నిలబెట్టి ఉపదేశిని అడిగారు, ఈ బూడిద ఎక్కడిదని. నేను మూడో వరసలో ఉన్నాను, తలగుడ్డ కనుబొమల దాకా లాక్కుని.

ఆయన నా వైపు చూడలేదు. "పొరపాటు నాది ఫాదర్" అన్నాడు. అంతే అన్నాడు.

బయటికి వచ్చాక ఒక తల్లి చంటిపిల్ల నుదురు చూపించి, "పసిగుంటకి పెట్టిత్తావేటి ఆ మసి, నీకు కళ్ళు నేవా" అని నిలదీసింది. ఆయన తల వంచుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఉన్నవాణ్ణి ఊరుకోలేదు. "ఉపదేసికి వయసు మీద పడిపోనాది" అన్నాను. నలుగురూ అవునన్నారు. ఆ మాట అన్నది నేనే.

ఆ వారమంతా ఆయన సైకిలు మీద తిరిగి ఇంటింటా నుదుళ్ళకి కొబ్బరినూనె రాశాడు. నా ఇంటికీ వచ్చాడు. నన్ను కూర్చోబెట్టి, తలగుడ్డ తీసి, వేలితో నెమ్మదిగా రాశాడు. మరుసటి ఏడు నుంచి ఇద్దరు పెద్దలు పక్కన నిలబడితేనే విభూది కాల్చాలని కట్టడి పెట్టారు. అంతకాలం ఒక్కడే కాల్చిన మనిషి దొంగలా మధ్యలో కూర్చుని కాల్చేవాడు. ఆ పొగ నా పెరట్లోకి వచ్చేది.

నేను గుడికి వెళ్ళడం మానేశాను. మోకాళ్ళ నొప్పులన్నాను. నా ఆడది అప్పటికే పోయింది, కూతురు టెక్కలిలో కాపురం, అడిగేవాళ్ళు లేరు. ఆయన ఒక్కడు మాత్రం ప్రతి ఏడూ తపస్కాలం ముందు వచ్చేవాడు. గుడికి రానివాడి ఇంట్లో మట్ట ఉండదని ఆయనకు తెలియదా? తెలిసే, "మావా, పాత మట్టున్నాదా?" అని అడిగేవాడు. లేదనేవాణ్ణి. "సరే, వచ్చేడు సూత్తాను" అని కాసేపు కూర్చుని లేచేవాడు. ఒక్క ఏడు కూడా ఎందుకు లేదని అడగలేదు.

నాలుగేళ్ళ కిందట ఆయనకూ ఇక్కడి జబ్బే వచ్చింది, మూత్రపిండాలు. వారానికి రెండుసార్లు పూండిలో బండెక్కి పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాడు. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టర్లు చెప్పారట. జేబులో చిన్న స్టీలు గ్లాసు పెట్టుకు తిరిగేవాడు, ఎవరింట్లోనైనా దానితోనే కొలిచి తాగేవాడు. ఆయన వస్తే బొండం కొట్టడం నాకు అలవాటు. మొదటి ఏడు కత్తి తీసేసరికి చేయి పట్టుకున్నాడు, బొండంనీళ్ళు ఇక పడవట. "మీకు నలబై రోజులు మావా, నాకు ఏడాదంతా తపస్కాలమే" అని నవ్వాడు. ఇన్ని చెట్ల కింద కూర్చుని ఒక్క బొండం తాగలేని మనిషి. నేను కత్తి మళ్ళీ చూరులో పెట్టేశాను.

ఇంకొకటి చెప్పాలి. తపస్కాలం శుక్రవారాల్లో మధ్యాహ్నం పొద్దు వాలాక గుడిలో సిలువ మార్గం, యేసు సిలువ మోసిన పద్నాలుగు స్థలాల జపం, చదువుతారు. మైకు నా తోటలోకి వినబడుతుంది. గొంతు ఆయనది. మొదటి శుక్రవారం అరుగు మీద కూర్చుని విన్నాను. రెండో వారం కూర్చోలేకపోయాను. లేచి, ఒక్కో స్థలానికి ఒక్కో చెట్టు దగ్గర నిలబడ్డాను. తొమ్మిది చెట్లే కదా ఉన్నవి. మిగిలిన ఐదు స్థలాలకూ మోడుల దగ్గర నిలబడ్డాను. ఏడేళ్ళూ అలాగే. యేసు దాహమన్న మాట దగ్గర ఆయన పుస్తకం దించి చాలాసేపు ఆగేవాడు. జబ్బు వచ్చాక అక్కడ ఆగడం మానేశాడు. గబగబా దాటిపోయేవాడు. అది మీరు గమనించారో లేదో. నేను గమనించాను.

ఈ ఏడు కూడా వచ్చాడు. ముఖం వాచింది, కాళ్ళు వాచాయి, అరుగు ఎక్కలేక మెట్టు మీదే కూర్చుని అడిగాడు. లేదన్నాను. విభూది బుధవారం వెళ్ళిపోయింది. తరువాతి వారం ఆయన్ని ఆసుపత్రిలోనే ఉంచేశారని తెలిసింది. చొక్కా మార్చుకుని పూండిలో బండెక్కాను.

మంచం పక్కన మిషను తిరుగుతోంది. ఆయన భార్య నాకు స్టూలు వేసి బయటికి వెళ్ళింది. చెప్పాల్సిన మాటలు బండిలోనే కూర్చుకున్నాను. చివరికి, "ఆ బూడిద" అన్నాను.

"జీడి మసి. సీసా మూత తీసినప్పుడే వాసనొచ్చింది మావా."

"తెలిసి ఎందుకు పెట్టించినావు మరి?"

"నువ్విచ్చింది పారబొయ్యలేకపోనాను. కాలదనుకున్నాను. అది నా తప్పే, ఫాదర్ కాడ అబద్దం ఆడనేదు." ఊపిరి తీసుకున్నాడు. "నాకు సెప్పడమెందుకు? నాకు తెలిసిందే. నుదురు కాలినోళ్ళకి సెప్పు."

సరేనన్నాను. కాసేపటికి నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. బాగానే ఉన్నాయన్నాను. కళ్ళు మూసుకునే నవ్వాడు.

"శుక్రవారాలు గుడి కిటికీలోంచి నీ తలగుడ్డ కనబడతాది మావా, చెట్టు చెట్టుకీ. నువ్వు ఇంకో చెట్టు కాడికి వచ్చీదాకా తరవాత స్థలం మొదలెట్టీవోణ్ణి కాదు. అంత నెమ్మదేటని జనం విసుక్కునీవోరు."

నేను తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన చిటికెన వేలు నా నుదుటి వైపు లేచి, సూది ఉన్న చేయి కావడంతో మళ్ళీ దిగిపోయింది. పెదవులు ఎండి ఉన్నాయి. తడిగుడ్డతో అద్దాను. రెండు రోజుల తరువాత ఆ కాయలు దింపేవాడు చెట్టెక్కాడు.

సమాధికి చాలామంది వచ్చారు. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి మన మతం కానివాళ్ళు కూడా వచ్చారు, వాళ్ళ రోగుల దగ్గర కూడా ఆయన కూర్చునేవాడట. తపస్కాలం కదా, గుడిలో పువ్వులు లేవు. నేను అందరి వెనక నిలబడి, అందరూ వెళ్ళాక ఒక పిడికెడు మట్టి వేశాను. ఆ రోజు చెప్పవలసింది, చెప్పలేదు. అలవాటు అంత తొందరగా పోలేదు.

మరుసటి శుక్రవారం తోటలోకి వెళ్ళాను. సిలువ మార్గం ఎవరో అమ్మాయి చదివింది. బాగా చదివింది, తప్పు పట్టను. నేను మూడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఐదో స్థలంలో ఉంది. తొందరపడ్డాను, కాళ్ళు రాలేదు. పద్నాలుగో స్థలం అయిపోయినప్పుడు నేను ఇంకా ఏడో చెట్టు దగ్గరే ఉన్నాను. మైకు ఆపేశారు. మిగిలిన చెట్ల దగ్గరికి ఊరికే నడిచాను.

మట్టల ఆదివారం గుడికి వెళ్ళాను. ఏడేళ్ళ తరువాత. జరిగి చోటిచ్చారు. అందరితో పాటు ఒక్క ఆకే పట్టుకున్నాను. బయట ఆయన భార్య నా కోసం నిలబడి ఉంది. చేతిలో ఆ గుడ్డసంచి. "మీ ఇంటి మట్ట ఇందలో పెట్టుకొమ్మన్నాడు మావా" అని నాకు ఇచ్చి వెళ్ళిపోయింది.

బూడిద నాది. నుదుళ్ళు మీవి. మాట పడ్డది ఆయన. ఇదే నేను మీకు చెప్పాలన్నది. దారిలో కనబడినప్పుడు మీరు ఏమన్నా పడతాను.

సిలువ వెనక దోపుకోకుండా ఆకును ఆ సంచిలోనే వేసి తలుపు పక్క మేకుకి తగిలించాను. పండగ వెళ్ళి వారాలైంది, పచ్చ పోయి ఎండుతోంది. మధ్యాహ్నం సముద్రం గాలి లేచినప్పుడు సంచి గోడకు తట్టుకుంటుంది, లోపల ఆకు గలగలమంటుంది. అరుగు మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. ఉన్నాది, ఈ ఏడు ఉన్నాది అంటూ లేచి తలుపు దాకా వెళ్తాను.