ఏడో పెట్టెలో గిన్నె

"కటోరా ఇసీ మే హై, సాబ్," అన్నాడు ప్యాకర్, కోర్టు సీలు వేసిన ఏడో పెట్టె మీద అరచెయ్యి ఆనించి. పోయిందనుకున్న గిన్నె ఇందులోనే ఉందని.

జెబెల్ అలీలోని ఆ గోదాములో అప్పటిదాకా ధాటిగా మాట్లాడుతున్న లాయర్లిద్దరూ ఆగిపోయారు. ఆగింది ఒక్క క్షణమే. సరుకు సరిచూడడానికి కోర్టు పంపిన ఎమిరాతీ అధికారికి ఈ కూలివాడి మాట ఏం తెలుస్తుందిలే అనుకున్నట్టున్నారు. పెద్ద లాయరు నవ్వుముఖం పెట్టి, భోజనానికి వెళ్తానంటున్నాడని అరబీలో సర్దేశాడు. నాకొచ్చిన ముక్కల అరబీకే అది అర్థమైంది.

అధికారి లాయరు వైపు చూడనైనా చూడలేదు. "కిస్ నే రఖా?" ఎవరు పెట్టారని ప్యాకర్‌నే అడిగాడు, చక్కటి హిందీలో. తండ్రి దుకాణంలో మనవాళ్ల మధ్య పెరిగాడట.

"మైనే రఖా, సాబ్."

ఆ గిన్నె పాత ఇరాన్ మట్టిలోంచి తవ్వి తీసింది. రెండు అరచేతుల్లో ఇముడుతుంది. అంచు చుట్టూ పొడుగు కొమ్ముల మేకలు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. యూరప్‌లో ఉండే ఒక షావుకారు తన దగ్గరున్న ఇలాంటివన్నీ దుబాయ్‌లో ప్రదర్శనకు పంపాడు. మాస్కులు గడ్డం కిందికి జారిన రోజులవి. పత్రికలో ఇరవై ఏళ్లు వార్తలు దిద్దిన నాకు, వాటి పక్కన పెట్టే చీటీలు, జాబితాలు రాసే పని దొరికింది.

షావుకారు మీద ఆయన పాత వ్యాపార భాగస్వామి, బాకీ కింద సరుకు జప్తు చెయ్యాలని కోర్టుకెక్కాడు. షావుకారు లాయర్లు ముందే మేలుకుని, ప్రదర్శనకు తెచ్చిన పురావస్తువులను జప్తు చెయ్యకూడదని ఉత్తర్వు తెచ్చుకున్నారు. దాని గురించి చెప్పేటప్పుడు వాళ్ల గొంతులు బరువెక్కేవి. నాగరికత అనేవారు, మానవజాతి వారసత్వం అనేవారు. నేను ఆ కాగితం చదివాను. అందులో గిన్నె లేదు, మేకలు లేవు. ‘ఒకటో పెట్టె నుంచి ఆరో పెట్టె వరకు’ అని ఉంది. మానవజాతి వారసత్వాన్ని కాపాడిన ఆ ఇద్దరూ ఒక్క పెట్టె మూతైనా తీయించి చూడలేదు. ఏడో పెట్టెలో స్టాండ్లు, లైట్లు ఉండేవి. అవీ షావుకారువే గాని పురావస్తువులు కావు కనక, జప్తుకు అడ్డులేదు.

ప్యాకర్‌ది నిజామాబాద్ వైపు పల్లె. ఒక శుక్రవారం గోదాములో ఒక్కడే ఉన్నాడు. ఏసీ నీళ్లు నాలుగో పెట్టె మీద కారడం చూశాడు. మూత తీస్తే స్పాంజి తడిసి ఉంది. ముదీర్‌కు అంటే మేనేజరుకు ఫోన్ చేసి, గిన్నెను పొడిగా ఉన్న ఏడో పెట్టెలోకి మార్చి, మూత బిగించాడు. ఆ వ్యవహారం మొత్తంలో గిన్నె బాగోగులు చూసిన మనిషి అతనొక్కడే.

రెండు రోజులకు అధికారి వచ్చి, తెరవకుండానే ఏడో పెట్టెకు సీలు వేసి వెళ్లాడు. వారం తర్వాత నాలుగో పెట్టె విప్పితే గిన్నె లేదు. గోదాము నడిపే కంపెనీ ఉలిక్కిపడి, ఆఖరిసారి ముట్టుకున్నవాడని ప్యాకర్ మీద పోలీసు ఫిర్యాదు ఇచ్చేసింది. ఆ ఫోన్ సంగతి ముదీర్‌కు అసలు గుర్తే లేదట.

ప్యాకర్ చెప్పగా షావుకారు లాయర్లకు నిజం తెలిసింది, కాని వాళ్లకది పనికిరాలేదు. గిన్నె ఏడో పెట్టెలో ఉందంటే జప్తయిన సరుకులో ఉందని ఒప్పుకున్నట్టే. అతన్ని పిలిపించి, తెలుగులో నచ్చజెప్పమని నన్ను కూర్చోబెట్టారు.

"తెలియదని చెప్పమంటున్నారు తమ్ముడూ. కొన్నాళ్లేనట."

"తెల్వదంటె దొంగను నేనే గద సారూ? పెట్టె ఇప్పింది నేనే. నేను గిన్నెను కాపాడిన. ముదీర్‌కు ఫోన్ జేస్తె ‘ఓకే, ఖలాస్’ అన్నడు."

"ఊరుకోవయ్యా, పెద్ద లాయర్లు. వాళ్లు చూసుకుంటారు."

"ఆళ్లు గిన్నెను జూసుకుంటరు. ఊర్లె నా బిడ్డను దొంగ బిడ్డ అంటె ఎవలు జూస్తరు?"

ఊరుకోమన్నది నేనే. ఇన్నేళ్లు అచ్చుతప్పులు పట్టినవాణ్ని, ఎదురుగా కూర్చుని అబద్ధం అరువిచ్చాను. ఆ సాయంత్రం అజ్మాన్ బస్సెక్కాక కూడా ఎవరి ముఖంలోకీ చూడబుద్ధి కాలేదు.

డీఐపీలోని కార్మికుల క్యాంపులో అతని గది వాళ్లు మాత్రం నాకంటే నయం, హాస్యమైనా ఆడారు. "అన్నా, నువ్వు వొయ్యి ఆరో పెట్టెల కూసో. ఎవ్వడు ముట్టడు నిన్ను!"

అధికారి రెండోసారి వచ్చిన రోజున అతను పెట్టె మీద చెయ్యి వేసింది అందుకే. తను దొంగ కాదని ఇంకో దారిలో చెప్పుకునే వీలు అతనికి లేదు. అధికారి అతను చెప్పినదంతా రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నాడు. జడ్జి ఉత్తర్వు లేకుండా సీలు తియ్యలేనని, ఎవరైనా దరఖాస్తు పెట్టాలని చెప్పి వెళ్లిపోయాడు.

షావుకారు లాయర్లు పెట్టలేదు. పెడితే గిన్నె జప్తు సరుకులో ఉందని వాళ్ల చేతులతోనే రాసివ్వాలి. భాగస్వామి లాయర్లూ పెట్టలేదు. తెరిస్తే అది ప్రదర్శన వస్తువని తేలి చెయ్యిజారుతుంది. కంపెనీ మాత్రం, గిన్నెను కళ్లతో చూసేదాకా ఫిర్యాదు వెనక్కి తీసుకోనంటుంది. ఒక్క మూత విప్పితే తేలిపోయే సంగతికి రెండు వైపులా దొంతర్ల కొద్దీ కాగితాలు పుట్టాయి. అన్నిటిలోనూ వారసత్వం అనే మాట ఉంది.

ప్యాకర్ ఇప్పటికీ అదే గోదాములో పనిచేస్తున్నాడు. ఫిర్యాదు నడుస్తోంది గనక దేశం దాటకూడదు. రోజూ ఏడో పెట్టె పక్కనుంచే తిరుగుతాడు. పైన ఏసీ కారుతోందేమో చూస్తాడట.

కిందటి నెల కోర్టు కౌంటరులో నేను మళ్లీ అడిగాను. పెట్టె తెరవడానికి ఇంతవరకు ఎవరి దరఖాస్తూ రాలేదన్నారు. ప్యాకర్ పెట్టొచ్చా అంటే, ఈ వ్యాజ్యంలో అతను కక్షిదారు కాదన్నారు.