లేదని నేను చెప్తా

మా కళాశాల గ్రంథాలయాధికారి మేడమ్ ఇక లేరు. గుండెపోటని తెల్లవారాక వారి అబ్బాయి ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం మార్కాపురం ఖబరస్తాన్ గోడ వెంట, భుజాన సంచులతో, ఊళ్లకు పోయే బస్సులు వదులుకుని విద్యార్థులు నిలబడి ఉన్నారు.

ఆ గ్రంథాలయపు సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నా పని. విద్యార్థి ఒక వ్యాసం పక్కనున్న లింకు నొక్కితే, మేము చందా కట్టిన ఎలక్ట్రానిక్ పత్రికల్లో అదెక్కడుందో వెతికి తెరుస్తుంది. దొరకనప్పుడు ఏమి చూపాలో మేమే నిర్ణయించాలి. "లభ్యం కాదు" అని పెట్టి మేడమ్‌కు చూపించాను.

"ఇదేంది నాయనా, మొహాన తలుపేసినట్ల! గిద్దలూరులో పొద్దున్నే రైలెక్కి వచ్చిన పిల్ల ఇది చూసి ఏం చేయాల?"

"లేనిది లేదనే కదా చెప్పాలి, మేడమ్?"

"చెప్పాల. లేదని నేను చెప్తా. మిషన్‌తో చెప్పించొద్దు."

అలా "కౌంటరు దగ్గరికి రండి, కలిసి వెతుకుదాం" అన్న వాక్యం అక్కడ చేరింది. నిజంగానే దొరకనప్పుడు ఆమె రెండు చేతులూ బల్లమీద ఉంచి, ఎదుటివారి కళ్లలోకి చూసి లేదన్న మాట చెప్పేవారు.

కురిచేడు వైపు పల్లెలో కూలిచేసుకునే ఇంటి అమ్మాయి ఒకరోజు వణుకుతూ వచ్చింది. పలకల గనుల దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని మీద ఆమె ప్రాజెక్టు.

"మేడమ్, వ్యాసం కోసం నొక్కితే ఆ పత్రికోళ్ల సైటు డాలర్లు అడగతా ఉంది. యేసయ్య తోడు, నేనేం కొనలేదు!"

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. "భయపడబాక తల్లీ. దానికి మనమెవరో తెలీదు. అందరినీ అట్లనే అడుగుతాది."

ఆ వ్యాసాన్ని రాసినవారే మరోచోట ఉచితంగా ఉంచిన ప్రతి మధ్యాహ్నానికి దొరికింది. అమ్మాయి వెళ్లాక మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చారు. "దీన్ని మన లింకుకు తగిలించు. ఇంకో బిడ్డ ఇట్ల వణుక్కుంటా రాకూడదు." ఒకరికి దొరికినది అందరికీ అందేలా చేశాకనే ఆమె ఇంటికి బయలుదేరేవారు. నా పని ఎవరి కోసమో నాకు తెలిసింది ఆమె వల్లనే.

ఆమె స్థానంలో ఇంకా ఎవరూ రాలేదు. కౌంటరులో మనిషి లేనప్పుడు రమ్మనడమెందుకు, ఆ వాక్యం తీసేయమని కార్యాలయం చెప్పింది. వారిది తప్పనలేను, ఉన్నది ఉన్నట్టు చూపాలన్నదే నా నియమం కూడా. ఇవాళ ఆ పేజీ తెరిచాను. ఆమె వాక్యాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు.

అంతలో ఒక కుర్రవాడు వచ్చి ఖాళీ కౌంటరు ముందు ఆగాడు.

"రమ్మని ఉంది సార్. ఎవురి కాడికి పోవాల?"

"నా దగ్గరికే," అని లేచాను.

కౌంటరు వెనక్కి వెళ్లాక, అద్దం పగిలిన తన ఫోన్‌ను అతను మళ్లీ లింకు నొక్కి నా వైపు తిప్పాడు. తెరమీద చిన్న వలయం తిరుగుతూనే ఉంది. ఇద్దరం తలలు వంచి, అది ఆగడం కోసం చూస్తున్నాం.